కారు ఏసీ ఫిల్టర్ ఇంట్లోనే మార్చుకోవడం: నా అనుభవం

ఏసీ చల్లగానే ఉంటుంది, గాలి మాత్రం సరిగా రాదు. బ్లోయర్‌ని, అంటే గాలి తోసే ఫ్యాన్‌ని, మూడో నంబరు మీద పెడితే చప్పుడు మూడో నంబరుది, గాలి ఒకటో నంబరుది. హైదరాబాద్‌లో ఎండలు మొదలయ్యేసరికి చాలా కార్లలో ఇదే వరస. నేరుగా ఏసీ షాపుకి తీసుకెళ్తే తరచుగా వినపడే మాట "గ్యాస్ తగ్గింది సార్" అని. గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గుతుంది, గాలి జోరు తగ్గదు. జోరు తగ్గిందంటే గాలి వచ్చే దారిలో ఏదో అడ్డం పడిందన్నమాట. ఆ దారిలో అన్నిటికంటే ముందు తనిఖీ చేయాల్సింది ఆ గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్‌ని, మెకానిక్‌ల మాటలో ఏసీ ఫిల్టర్‌ని.

మా ఇంటి గ్రాండ్ ఐ10కీ, చుట్టాల స్విఫ్ట్‌కీ, హోండా సిటీకీ ఈ పని నేనే చేస్తుంటాను. అలవాటైన చేతికి పది నిమిషాలు, కొత్త చేతికి అరగంట. అయితే పాతది లాగి కొత్తది తోసేస్తే పని అయిపోయిందనుకుంటే సగం డబ్బు వృథా. పాత ఫిల్టర్ మీది మురికి ఏం చెబుతోందో చదవాలి. కొత్తది పక్కల నుంచి గాలి జారిపోకుండా గట్టిగా కూర్చోవాలి. కార్బన్‌దా మామూలుదా, ఏ కంపెనీది అన్న ప్రశ్నలు ఆ రెండింటి తర్వాతే.

గాలి ఏ దారిన వస్తుందో తెలిస్తే మిగతాదంతా సులువు. బయటి గాలి అద్దం కింద, వైపర్ల దగ్గరుండే ప్లాస్టిక్ జాలీలోంచి లోపలికి దిగుతుంది. అక్కడ ఒక మూత ఉంటుంది. డ్యాష్‌బోర్డ్ మీద కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం గుర్తున్న బటన్ నొక్కితే ఆ మూత బయటి గాలిని ఆపి, ఎడమ సీటు కాళ్ల దగ్గరి నుంచి లోపలి గాలిని లాగుతుంది. మన దగ్గర తిరిగే ఎక్కువ కార్లలో ఈ రెండు రకాల గాలీ ఫిల్టర్ దాటే ముందుకు పోతుంది. ఆ తర్వాత గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్, ఆపైన మన ముఖం ముందున్న వెంట్లు. బ్లోయర్ కొన్ని కార్లలో ఫిల్టర్ తర్వాత ఉంటుంది, కొన్నింటిలో ముందు.

దీన్నిబట్టే ఒక చిన్న పరీక్ష చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. బ్లోయర్ ఫుల్ పెట్టి, ముందు లోపలి గాలి మీద, తర్వాత బయటి గాలి మీద నడిపి చూడండి. లోపలి గాలి మీద జోరుగా వచ్చి, బయటి గాలికి మార్చగానే బాగా తగ్గిపోతే అడ్డం వైపర్ల కింది జాలీ దగ్గర ఉంది, అంటే ఆకులు. రెండింటి మీదా నీరసంగానే వస్తే ఫిల్టరో, దాని అవతలిదో. నంబర్లు చేత్తో తిప్పే మాన్యువల్ ఏసీలో 1, 2, 3 అసలు పనిచేయక 4 మీద మాత్రమే బ్లోయర్ తిరుగుతుంటే అది ఫిల్టర్ సంగతి కాదు, బ్లోయర్ వేగాన్ని తగ్గించే రెసిస్టర్ పోయింది. రెసిస్టర్‌ని చల్లార్చేది కూడా బ్లోయర్ గాలే. ఫిల్టర్ మూసుకుపోయి ఆ గాలి తగ్గితే రెసిస్టర్ వేడెక్కి తొందరగా పోతుంది. కాబట్టి రెసిస్టర్ మార్పించేటప్పుడు ఫిల్టర్‌ని చూడకుండా వదలొద్దు.

బయలుదేరినప్పుడు గాలి బాగా వచ్చి, విజయవాడ హైవే మీద గంట నడిచాక తగ్గిపోతుందా? ఏసీ ఆపి పది నిమిషాలాగి వేస్తే మళ్లీ వస్తుందా? అప్పుడు కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోంది. కాయిల్ మీదికి చాలినంత గాలి చేరకపోవడం దానికి ఒక కారణం, అంటే ఇక్కడ కూడా మొదట తీసి చూడాల్సింది ఫిల్టర్‌నే. వానాకాలంలో ముందు అద్దం మీద ఆవిరి పట్టి తొందరగా పోకపోవడం ఫిల్టర్ మూసుకుపోయిందనడానికి ఇంకో గుర్తు.

మీ కారులో అసలు ఫిల్టర్ ఉందో లేదో కొనేముందే చూసుకోండి. పాత చిన్న కార్లలో, కింది వేరియంట్లలో కంపెనీ ఫిల్టర్ పెట్టకుండా అది కూర్చునే చోటు మాత్రం ఉంచి, మూత వేసి వదిలేసిన సందర్భాలున్నాయి. అలాంటి కారుకి సరిపడే ఫిల్టర్ కొని పెట్టుకోవచ్చు. ఎక్కువ కార్లలో ఇది ఎడమ సీటు ముందుండే గ్లోవ్ బాక్స్ వెనకాల ఉంటుంది. స్విఫ్ట్, ఐ20, సిటీ, ఇన్నోవా అన్నీ ఈ కోవే. ఫోక్స్‌వ్యాగన్ పోలోలో గ్లోవ్ బాక్స్ ముట్టుకోనక్కర్లేదు, కాళ్లు పెట్టే చోట తల దూర్చి పైకి చూస్తే మూత కనిపిస్తుంది. కారుతో వచ్చిన మాన్యువల్లో బొమ్మతో సహా ఉంటుంది, అయిదు నిమిషాలు అది చదివి మొదలుపెట్టండి.

ఎప్పుడు మార్చాలన్నదానికి మాన్యువల్లో కిలోమీటర్ల లెక్క ఉంటుంది, దుమ్ము రోడ్ల మీద నడిపితే ఇంకా ముందే మార్చమని కూడా ఉంటుంది. ఆ రెండో మాట మనకోసమే అనుకోవాలి. కొత్త కట్టడాలు లేస్తున్న కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు రోజూ తిరిగే కారు, తార్నాక నుంచి సికింద్రాబాద్ దాకా తిరిగే కారు ఒకే కిలోమీటర్లు నడిచినా ఫిల్టర్లు ఒకేలా ఉండవు. నేను కిలోమీటర్ల కంటే కాలాన్ని ఎక్కువ నమ్ముతాను. వేప చెట్లు ఆకు రాల్చి, ఉగాది పూత కూడా రాలిపోయాక, ఏప్రిల్లో కొత్తది వేస్తాను. వానలు వెనకపట్టాక, దసరా దీపావళి మధ్యలో ఒకసారి తీసి చూస్తాను. ఏప్రిల్ ఎందుకంటే, ఎండాకాలం దుమ్మంతా పట్టిన ఫిల్టర్ మృగశిర వానల్లో తడిస్తే ఆ తడి మట్టి వాసన కారంతా పడుతుంది. వానలకి ముందు ఫిల్టర్ తేలికగా ఉంటే ఆ బాధ చాలా తగ్గుతుంది.

షాపులో "ఎయిర్ ఫిల్టర్" అని అడిగితే ఇంజన్‌ది ఇస్తారు, "ఏసీ ఫిల్టర్" అనే అడగండి. రాణీగంజ్‌లో స్పేర్ పార్టుల షాపుల దగ్గర అన్ని రకాలూ దొరుకుతాయి, మీ కాలనీ దగ్గరి షాపులో కూడా మారుతి, హ్యుందాయ్ మోడళ్లవి ఉంటాయి. ఒకే పేరున్న కారుకి తయారైన ఏడాదిని బట్టి ఫిల్టర్ సైజు మారిపోతుంది. అందుకని ఆర్‌సీ ఫొటో ఫోన్లో పెట్టుకుని, వీలైతే పాత ఫిల్టర్‌ని కవర్లో చుట్టి తీసుకెళ్లి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకోండి. పొడవు, వెడల్పు చూసి ఊరుకోకుండా మందం కూడా చూడండి. రెండు మూడు మిల్లీమీటర్లు పలచనైతే గూట్లో వదులుగా కదులుతుంది, మందమైతే దూర్చేటప్పుడు నలిగి వంగుతుంది. రెండూ పనికిరావు. మడతలు సమానంగా ఉన్నాయా, చుట్టూ అంచు పట్టీ జిగురు ఊడకుండా ఉందా, వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఎక్కడైనా చిన్న కన్నాలు కనిపిస్తున్నాయా చూడటానికి నిమిషం పట్టదు. కొన్ని మోడళ్లలో ఫిల్టర్ రెండు ముక్కలుగా ఉంటుంది, ఒకటి దూర్చి పక్కకి జరిపాక రెండోది దూర్చాలి. పాతది రెండు ముక్కలైతే కొత్త డబ్బాలో కూడా రెండున్నాయో లేదో లెక్క చూసుకోండి.

రకాల సంగతి. తెల్లగా ఉండేది మామూలు దుమ్ము ఫిల్టర్. బూడిద రంగులోనో నల్లగానో ఉండేది యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్, దుమ్ముతో పాటు వాసనల్ని, కొన్ని వాయువుల్ని పట్టుకుంటుంది. మరీ సన్నటి దుమ్ము కూడా ఆపుతాయని పీఎం 2.5 అనీ, హెపా అనీ రాసి అమ్మేవి ఇంకా చిక్కటి పొర ఉన్నవి. దుమ్ముకీ వాయువులకీ పరీక్షలు వేరని గుర్తుంచుకోండి. క్యాబిన్ ఫిల్టర్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 11155లోనే మొదటి భాగం దుమ్ము కణాల గురించి, రెండో భాగం వాయువుల గురించి. మామూలు ఫిల్టర్ రోడ్డు దుమ్మునీ పుప్పొడినీ బాగా ఆపుతుంది, డీజిల్ పొగ కంపుని ఆపలేదు. ఫ్యాక్టరీలుండే జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు రోజూ వెళ్లేవాళ్లకీ, మూసీ పక్క రోడ్డున రాకపోకలున్నవాళ్లకీ కార్బన్‌ది పెట్టుకోమంటాను. కార్బన్ నిండిపోయాక వాసన పట్టడం మానేస్తుంది, దుమ్ము మాత్రం పడుతూనే ఉంటుంది. కంటికి ఏ తేడా తెలియదు. లారీ వెనకాల ఆగినప్పుడు పొగ వాసన మళ్లీ తెలుస్తుంటే దాని పని అయిపోయినట్టే.

చిన్న కార్లకి మరీ చిక్కటి హెపా రకం వేయడం నాకు ఇష్టం లేదు. ఆ పొరలోంచి గాలి లాగడానికి బ్లోయర్ ఎక్కువ కష్టపడాలి. కొత్తదిగా ఉన్నప్పుడే జోరు తగ్గినట్టు అనిపిస్తుంది, నాలుగు నెలల దుమ్ము పట్టాక ఇక చెప్పక్కర్లేదు. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఆ రకమే వాడండి, కాకపోతే తొందరగా మార్చడానికి సిద్ధపడి వాడండి. చిన్న కార్లకి మామూలు ఫిల్టర్ సుమారు 250 నుంచి 500 రూపాయల్లో, కార్బన్‌ది అంతకు కాస్త పైన వస్తుంది. ఏటా మార్చే మామూలుది, మూడేళ్లు లాగించే ఖరీదైనదానికంటే నయం.

కావాల్సిన సామాను: టార్చి, పాత పెయింటింగ్ బ్రష్షు, సన్న మూతి ఉన్న వాక్యూమ్ క్లీనర్, తడి గుడ్డ ఒకటి, పొడి గుడ్డ ఒకటి, మాస్కు, చేతి గ్లవుజులు, కాళ్ల దగ్గర పరవడానికి న్యూస్ పేపర్. కొన్ని కార్లకి స్టార్ స్క్రూడ్రైవర్ కూడా. మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ము మీరు ఏడాదిగా పీల్చకుండా ఆపిందే కదా. మధ్యాహ్నం ఎండలో కాకుండా పొద్దున నీడలో చేయండి. ఏళ్ల తరబడి ఎండకి కాగిన ప్లాస్టిక్ క్లిప్పులు పెళుసుగా ఉంటాయి, చెమటలు కక్కుతూ తొందరపడితే విరిగేది అవే.

బండి ఆఫ్ చేసి తాళం చెవి తీసేయండి. గ్లోవ్ బాక్స్ ఖాళీ చేయండి. దాని పక్కన సన్నటి తాడో, ప్లాస్టిక్ పుల్లో, చిన్న పంపు లాంటి డాంపరో ఉంటుంది, మూత నెమ్మదిగా తెరుచుకునేది దానివల్లే. కొక్కెం ఉన్న చివర వేలితో పక్కకి జరిపితే ఊడుతుంది. దాన్ని బలంగా లాగకూడదు, మూల తెగితే విడిగా దొరకడం కష్టం. తర్వాత బాక్స్ మరీ కిందికి పడకుండా రెండు పక్కలా ఆపులుంటాయి. కొన్నింటిలో అవి తిప్పి లాగితే ఊడొచ్చే బిరడాలు. మిగతావాటిలో బాక్స్ గోడల్ని రెండు చేతులతో లోపలికి నొక్కితే ఆపులు తప్పుకుని బాక్స్ పూర్తిగా వాలిపోతుంది. లోపల లైటు ఉన్న కార్లలో వైరు, చల్లగాలి వచ్చే గ్లోవ్ బాక్స్ అయితే ఒక రబ్బరు గొట్టం ఉంటాయి, వాటి మీద బరువు పడనీయొద్దు. పసుపు రంగు కనెక్టర్లు, పసుపు చుట్టిన వైర్లు కనిపిస్తే వాటి జోలికి అసలు పోవద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

ఇప్పుడు ఎదురుగా పొడుగాటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది, దానికి ఒక పక్కో రెండు పక్కలో లాకులు. రెండు లాకులుంటే రెండూ ఒకేసారి నొక్కి తిన్నగా ముందుకి లాగాలి. ఒక పక్క మాత్రమే ముందు లాగితే రెండో లాకు పన్ను విరుగుతుంది. మూత తీయగానే ఫిల్టర్ లాగేయకండి. ఫోన్‌తో ఒక ఫొటో తీయండి, బాణం ఎటు ఉందో, మడతలు ఎలా ఉన్నాయో తెలిసేలా. తర్వాత ఫిల్టర్‌ని ఏ వంపు లేకుండా, వణక్కుండా, నెమ్మదిగా లాగండి. దాని మీద ఆకులుంటాయి, కుదిపితే అవి లోపలికి రాలి బ్లోయర్ రెక్కల్లో పడతాయి. పడితే బ్లోయర్ వేసినప్పుడల్లా టకటకమని చప్పుడు, దాన్ని తీయాలంటే కింద నుంచి బ్లోయర్ మోటారు విప్పాలి.

లాగిన ఫిల్టర్‌ని పేపర్ మీద, వెలుతుర్లో పెట్టి చూడండి. ఈ పనిలో నాకు అన్నిటికంటే విలువైనదనిపించేది ఇదే. మసి పట్టినట్టు నల్లగా ఉంటే అది ట్రాఫిక్ పొగ. సిగ్నళ్ల దగ్గర బయటి గాలి బటన్ మీద నడిపే అలవాటుందని అర్థం, లోపలి గాలికి మార్చుకుంటే తర్వాతి ఫిల్టర్ ఎక్కువ కాలం వస్తుంది. ఎర్రమట్టి రంగు ఉంటే మట్టి రోడ్లు, పునాదుల తవ్వకాలు. తెల్లబూడిద రంగులో పిండిలా ఉంటే సిమెంటు దుమ్ము, ఇది సన్నగా ఉండి లోపలి పొరల్లోకి దిగిపోతుంది, దులిపినా రాదు. వేపాకులు, పూత, చిన్న గింజలు ఎక్కువుంటే వైపర్ల కింది జాలీ పగిలిందో, చెట్టు కిందే పార్కింగో. ఆకుపచ్చ నల్ల మచ్చలు బూజు. నీళ్లు ఆరిపోయాక మిగిలే గోధుమ రంగు గీత కనిపిస్తే పైనుంచి నీళ్లు కారుతున్నాయి. అప్పుడు బానెట్ తెరిచి, అద్దం కింద ఉండే తొట్టిలో ఆకులు నిండి నీళ్లు పోయే కన్నాలు మూసుకున్నాయేమో చూడకుండా కొత్త ఫిల్టర్ పెట్టకూడదు. వాటర్ వాష్‌లో ప్రెషర్ పైపుని ఆ జాలీలోకే గురిపెట్టడం వల్ల కూడా ఇలా తడుస్తుంది, వాష్ చేసే కుర్రాడికి ముందే చెప్పండి.

మురికి ఎంత ఉందన్నదే కాదు, ఎక్కడ ఉందో కూడా చూడాలి. ఫిల్టర్ అంతటా ఒకేలా ఉంటే మంచిది. అంచు వెంబడి ఒకచోట నల్లటి చార గట్టిగా కనిపిస్తే గాలి అక్కడ పక్క నుంచి జారిపోతోంది. ఫిల్టర్ తీసిన గూట్లో, గాలి శుభ్రమై రావాల్సిన వైపు వేలితో తుడిచి చూడండి. అక్కడ దుమ్ము పేరుకుని ఉంటే పాత ఫిల్టర్ సరిగా కూర్చోలేదు, లేదా సైజు తప్పు. కార్బన్ ఫిల్టర్ వేసినా డ్యాష్‌బోర్డ్ మీద రెండు రోజులకే దుమ్ము పడుతోందనేవాళ్ల కార్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. జల్లెడ ఎంత సన్నదైనా పక్కన కన్నం ఉంటే రవ్వ పిండిలో పడుతుంది.

దులిపి మళ్లీ పెట్టుకోవచ్చా? మధ్యలో ఒకసారి తీసి మీదున్న ఆకులు, పురుగులు దులిపి పెట్టడంలో తప్పు లేదు. కడగడం, కంప్రెసర్ గాలి కొట్టడం మాత్రం వద్దు. ఈ ఫిల్టర్ల దారాలకి విద్యుదావేశం ఉంటుంది, సన్నటి దుమ్ము వాటికి అంటుకునేది అందుకే. నీళ్లు, సబ్బు తగిలితే ఆ గుణం పోతుంది. జోరు గాలి కొడితే దారాల మధ్య సందులు పెద్దవవుతాయి. కంటికి తెల్లగా కనిపిస్తుంది, గాలి కూడా బాగా వస్తుంది, వడకట్టడమే ఉండదు. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు బిల్లులో "ఏసీ ఫిల్టర్ క్లీనింగ్" అని ఉంటే ఎలా క్లీన్ చేశారో అడగండి. మార్చామంటే పాతది చూపించమనండి.

సెల్లార్ పార్కింగ్‌లో రోజుల తరబడి కదలని కార్లలో ఇంకో సమస్య ఎలుకలు. ఫిల్టర్ మీద వెచ్చగా, పొడిగా ఉంటుంది, పైనుంచి జాలీ దాటి వచ్చి అక్కడే గూడు కడతాయి. కొరికిన దూది ముక్కలు, పల్లీ తొక్కలు, పెంటికలు కనిపిస్తే వాటిని పొడిగా ఊడ్చకండి, వాక్యూమ్ పెట్టకండి. మూత్రం ఎండిన దుమ్ము గాల్లో లేస్తే జబ్బులొస్తాయి. గ్లవుజులు, మాస్కు వేసుకుని, డిసిన్ఫెక్టెంట్ కలిపిన నీళ్లు చిలకరించి, పది నిమిషాలు నాననిచ్చి, తడి టిష్యూలతో ఎత్తి కవర్లో మూటగట్టేయాలి. చిలకరించే నీళ్లు బ్లోయర్ మోటారు మీదికి కారనివ్వొద్దు. బయటి గాలి వచ్చే నోటికి సన్నటి ఇనుప జాలీ బిగిస్తే మళ్లీ రావు. దోమల తెర లాంటి నైలాన్ జాలీ వద్దు, దాన్ని కొరికేస్తాయి. కారు నిలిపేముందు లోపలి గాలి బటన్ నొక్కి ఆపితే ఎక్కువ కార్లలో పై మూత మూసుకునే ఉంటుంది, అది కూడా కొంత అడ్డమే.

ఎలుకల గొడవ లేకపోతే శుభ్రం చేయడం తేలిక. బ్రష్షుతో దుమ్ము కదిలిస్తూ వాక్యూమ్ మూతి పక్కనే పట్టుకోండి. ఫిల్టర్ గూడు అంచుల్లో, అది ఆనుకునే గాడిలో ఇసుక రేణువు కూడా మిగలకూడదు. చివర్లో తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఆరాక, కొత్త ఫిల్టర్ పెట్టేముందు బ్లోయర్ ఒక అర నిమిషం వేసి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఫిల్టర్ లేకుండా గాలి జోరుగా వస్తే తప్పు పాత ఫిల్టర్‌దే. అప్పుడు కూడా నీరసంగానే ఉంటే కూలింగ్ కాయిల్ మీదో, బ్లోయర్ రెక్కల మీదో మురికి ఉంది. గూడు శుభ్రం చేయకముందు మాత్రం ఈ పరీక్ష చేయొద్దు, ఉన్న చెత్తంతా కాయిల్ మీదికి పోతుంది.

ఇక బాణం. ఫిల్టర్ పక్కన రెండు రకాల గుర్తులుంటాయి, జాగ్రత్తగా చూడాలి. ఎయిర్ ఫ్లో అని రాసి ఉన్న బాణం గాలి ఎటు పోవాలో చెబుతుంది. అప్ అని ఉంటే ఆ వైపు పైకి ఉండాలని మాత్రమే, గాలి పైకి పోతుందని కాదు. ఫిల్టర్ పడుకోబెట్టినట్టు కూర్చునే కార్లలో చాలావాటికి గాలి పైనుంచి కిందికి వస్తుంది, ఎయిర్ ఫ్లో బాణం కిందికి ఉంటుంది. నిలువుగా కూర్చునేవాటిలో పక్కకి ఉంటుంది. పాత ఫిల్టర్ బాణాన్ని చూసి పెట్టేయడం సరిపోదు, అది పెట్టినవాళ్లు తిరగేసి పెట్టి ఉండొచ్చు. అబద్ధం చెప్పనిది మురికి ఒక్కటే. పాత ఫిల్టర్‌ని తీసినట్టే పట్టుకుని చూడండి, ఎక్కువ మురికి ఉన్న వైపు నుంచి గాలి వస్తోంది. కొత్త ఫిల్టర్ బాణం ఆ మురికి వైపు నుంచి శుభ్రంగా ఉన్న వైపుకి చూడాలి. కార్బన్ ఫిల్టర్‌కి ఇది మరీ ముఖ్యం. దుమ్ము పట్టే పొర ముందు, కార్బన్ పొర వెనక ఉండేలా దాన్ని తయారుచేస్తారు. తిరగేస్తే దుమ్ము నేరుగా కార్బన్ మీద పడి తొందరగా మూసుకుపోతుంది.

దూర్చేటప్పుడు రెండు చేతులతో అంచులు పట్టుకుని తిన్నగా తోయాలి. మధ్యలో తట్టుకుంటే బలవంతం చేయకుండా వెనక్కి లాగి మళ్లీ ప్రయత్నించండి. వంగి మధ్యలో విల్లులా లేచిన ఫిల్టర్ మూత పెట్టాక బయటికి కనిపించదు, కింద మాత్రం సందు ఉండిపోతుంది. పూర్తిగా లోపలికి పోయాక వేలితో నాలుగు అంచులూ తడమండి, ఎక్కడా ఎత్తుపల్లాలు ఉండకూడదు. మూత లాకులు టిక్కుమని రెండూ పడాలి. మూత ఒక పక్క పైకి లేచినట్టుంటే మూతని తిట్టుకోకండి, ఫిల్టర్ లోపల సరిగా కూర్చోలేదు.

గ్లోవ్ బాక్స్ బిగించకముందే బ్లోయర్ 1 నుంచి 4 దాకా వేసి వినండి. సన్నగా ఈల వస్తే మూత దగ్గర గాలి లీకవుతోంది. టకటకమంటే ఆకు పడింది. ఏమీ లేకపోతే డాంపర్ కొక్కెం తగిలించి, ఆపులు పెట్టి, బాక్స్ రెండు మూడుసార్లు తెరిచి మూసి చూడండి. పాత ఫిల్టర్‌ని కవర్లో కట్టి పొడిచెత్తలో వేయండి, విడిగా పడేస్తే ఆ దుమ్మంతా చెత్త ఎత్తేవాళ్ల ముఖం మీదే లేస్తుంది. కొత్తది దూర్చేముందే దాని అంచు మీద మార్కర్‌తో తేదీ, మీటర్ రీడింగ్ రాసి ఉంచితే తర్వాతిసారి ఊహించాల్సిన పని ఉండదు.

కొత్త ఫిల్టర్ వేసినా ఏసీ వేయగానే పుల్లటి, తడి గుడ్డ వాసన వస్తుంటే అది కూలింగ్ కాయిల్ మీది బూజు. ఫిల్టర్ మీద సెంటు చల్లొద్దు, కార్బన్ ఆ సెంటుతోనే నిండిపోతుంది. ఇంటికి చేరడానికి నాలుగైదు నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపి, బ్లోయర్ మాత్రం నడవనివ్వండి, కాయిల్ ఆరుతుంది. కొత్తగా మొదలైన వాసనైతే కొన్నాళ్లకి తగ్గుతుంది. ఎడమ సీటు కింద కార్పెట్ తడిగా ఉంటే కాయిల్ నీళ్లు పోయే గొట్టం మూసుకుంది. ఏసీ వేసి నిలిపిన కారు కింద నీళ్లు చుక్కలుగా పడుతున్నాయో లేదో చూస్తే తెలిసిపోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి గాలి జోరు మాత్రం రాకపోతే ఇక ఇంట్లో చేసే పని కాదు. ఏసీ మెకానిక్ దగ్గరికి వెళ్లి "గాలి రావట్లేదు" అని ఊరుకోకుండా, ఫిల్టర్ కొత్తది, ఫిల్టర్ తీసినా జోరు రాలేదు, లోపలి గాలి మీదా బయటి గాలి మీదా ఒకేలా ఉంది అని చెప్పండి. ముందు బ్లోయర్ విప్పి రెక్కలు చూడమనండి, అది కింద నుంచే వస్తుంది. చాలా కార్లలో కాయిల్ బయటికి తీయాలంటే డ్యాష్‌బోర్డ్ విప్పాలి, దానికి ఒక రోజు పని, వేలల్లో కూలీ. అందుకని విప్పకుండా కాయిల్ మీదికి క్లీనింగ్ ఫోమ్ కొట్టి చూడమని అడగండి. దానికీ లొంగకపోతేనే డ్యాష్‌బోర్డ్ విప్పడానికి ఒప్పుకోండి.